డిసెంబరు 28: పేకాట దినం, ఖరగ్‌పూర్ డ్యూటీ చార్టు

డిసెంబరు 28 పేకాట దినం. దీన్ని ఏ ప్రభుత్వమూ జీవో తీసి ప్రకటించలేదు, ఐక్యరాజ్యసమితి తీర్మానమూ చేయలేదు. ఏడాదిలో ప్రతి రోజుకీ ఏదో ఒక వేడుకను అంటగట్టే అమెరికా తరహా దినోత్సవాల పట్టీల్లోంచి వచ్చి మిగతా దేశాల క్యాలెండర్లకెక్కిన దినం ఇది. ఇలాంటి దినాల గురించి రాసేవాళ్లు ముందు ఆట పుట్టుపూర్వోత్తరాలు చెప్పి, తర్వాత అదే తేదీన ఏయే ఏడాది ఏమేం జరిగిందో వరస పెడతారు. ఆ రెండింటికీ సంబంధం ఏమిటని అడిగితే, ఏమీ లేదు, అంతా కాకతాళీయం అంటారు. ఆ జవాబులో సగమే నిజం. తేదీలు కలవడం కాకతాళీయం కావచ్చు గాని, ఆ తేదీల వెనక ఉన్న తీరిక అలా ఊరికే వచ్చింది కాదు. ఎవరికి ఎప్పుడు సెలవో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ సెలవులోనే సభలు జరుగుతాయి, ప్రదర్శనలు జరుగుతాయి, పేకముక్కలూ పడతాయి. సెలవు లేనివాళ్లకు పేకాట ఉంటుంది గాని పేకాట దినం ఉండదు. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్నం ఖరగ్‌పూర్‌ని దగ్గర పెట్టుకుని చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. అక్కడ పేకాట ఉంది, తరతరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్లు ఉన్నారు, లోకమంతా సెలవు పెట్టిన వారంలో ఆగకుండా నడవాల్సిన రైలూ ఉంది.

ముందు ఆ తేదీ చరిత్రను చూద్దాం. 1885 డిసెంబరు 28న బొంబాయిలోని గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో 72 మంది ప్రతినిధులతో భారత జాతీయ కాంగ్రెస్ మొదటి సభ జరిగింది. అధ్యక్షుడు కలకత్తా బారిస్టరు ఉమేశ్‌చంద్ర బెనర్జీ. సభ పూనాలో జరగవలసింది. అక్కడ కలరా రావడంతో బొంబాయికి మార్చారు. ఊరు మారింది గాని వారం మారలేదు. ఎందుకు మారలేదో ఆ 72 మందీ ఎవరో చూస్తే తెలుస్తుంది. వాళ్లలో ఎక్కువమంది వకీళ్లు, పత్రికాధిపతులు, ఉపాధ్యాయులు. కోర్టులూ కచేరీలూ కాలేజీలూ క్రిస్మస్‌కు మూతపడి జనవరిలో తెరుచుకునేదాకా వాళ్లకు ఖాళీ. ఆ సభలో కూర్చున్న పనప్పాక్కం ఆనందాచార్యులే 1891లో నాగపూరు కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యారు. ఆ సభ మొదలైంది కూడా డిసెంబరు 28నే. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి నాగపూర్–ఆసన్‌సోల్ మార్గం పూర్తయింది అదే ఏడాది. తెలుగు గడ్డ మీద జరిగిన కాకినాడ కాంగ్రెస్ 1923 డిసెంబరు 28న మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన మొదలై జనవరి 1 దాకా సాగింది. ఆహ్వాన సంఘాధ్యక్షుడు కొండా వెంకటప్పయ్య. అక్కడి ఖాదీ ప్రదర్శనలో వాలంటీరుగా నిలబడ్డ బాలిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూనే లోపలికి పోనివ్వలేదన్న సంగతి తెలుగునాట అందరికీ తెలిసిందే. 1885, 1891, 1923 సభలు ఒకే తేదీన మొదలయ్యాయంటే ముహూర్తబలం అనుకోనక్కరలేదు. అది వకీలుకు వీలైన వారం, అంతే.

దీనికి గట్టి రుజువు కాంగ్రెస్ నిర్ణయంలోనే ఉంది. పూర్ణ స్వరాజ్యం కోరిన 1929 లాహోరు కాంగ్రెస్, ఇక మీదట వార్షిక సభలు డిసెంబరులో కాకుండా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరపాలని నిర్ణయించింది. డిసెంబరు చలికి కప్పుకోవడానికి లేని పేదలు సభలకు వచ్చి అవస్థ పడుతున్నారన్నది అప్పుడు చెప్పిన కారణం. తర్వాతి సభ 1931 మార్చిలో కరాచీలో జరిగింది. బారిస్టర్ల సభగా ఉన్నన్నాళ్లూ కాంగ్రెస్ బారిస్టర్ల సెలవుల్లో కలిసింది, రైతులు రావడం మొదలయ్యాక ఆ సెలవుల్ని వదిలేసింది. పేకాట దినం మాత్రం ఇప్పటికీ ఆ సెలవుల్లోనే కూర్చుని ఉంది. క్రిస్మస్ అయిపోయి కొత్త సంవత్సరం ఇంకా రాక, ఇంటినిండా చుట్టాలుండి, బయట చలిగా ఉన్న వారంలో పాశ్చాత్య గృహస్థుకు బల్ల మీద పేకముక్కలు పంచుకోవడం కన్నా సులువైన కాలక్షేపం లేదు. 28 అన్న అంకెలో పేకాటకు సంబంధించిన విశేషం ఏదీ లేదు. ఆ వారమే విశేషం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అదే తేదీన జరిగినవన్నీ సెలవుల వల్లనే జరిగాయా? కానే కావు. జాన్ ఫాన్ నాయ్‌మన్ 1903 డిసెంబరు 28న బుడాపెస్ట్‌లో పుట్టాడు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆటలో, అవతలివాడు తన శక్తికొద్దీ మనల్ని దెబ్బతీస్తాడనుకుని మన నష్టాన్ని వీలైనంత తగ్గించుకునే ఎత్తు ఏదో గణితంతో చెప్పవచ్చని 1928లో నిరూపించినవాడు ఆయన. 1944లో ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన పుస్తకంలో పోకరులో మంచి ముక్కలు లేకుండానే పందెం పెంచడం దబాయింపు కాదనీ, సరైన మోతాదులో చేస్తే అదే తెలివైన పద్ధతి అనీ లెక్క కట్టి చూపాడు. పేకాటను శాస్త్రం చేసినవాడు పేకాట దినాన పుట్టడం చెప్పుకోవడానికి బాగుంటుంది గాని, అది అచ్చమైన కాకతాళీయం. పుట్టుకలు సెలవులు చూసుకుని రావు. అందుకే ఒక తేదీ కింద దొరికినవన్నీ ఒకే గంపలో వెయ్యకూడదు. మనుషులు కావాలని ఆ రోజుకు పెట్టుకున్నవి వేరు, వాటంతట అవి వచ్చిపడ్డవి వేరు. లూమియేర్ సోదరుల సినిమా మొదటి రకానికి చెందింది. 1895 డిసెంబరు 28, శనివారం. పారిస్‌లోని గ్రాండ్ కాఫే నేలమాళిగ హాల్లో ఒక ఫ్రాంకు టిక్కెట్టు పెట్టి పది చిన్న చిత్రాలు చూపించారు. అద్దెకు తీసుకున్న గదిలో డబ్బు తీసుకుని ఆట వేసేవాళ్లు వీధుల్లో జనం తిరిగే వారాంతాన్ని ఎంచుకోవడంలో వింత లేదు. ఆ పదింటిలో మొదటిది వాళ్ల ఫ్యాక్టరీ గేటులోంచి పనివాళ్లు బయటికి రావడం. మరొకటి కమ్మరుల పని. పేకాట ఆ పదింటిలో లేదు గాని, ఆ తొలినాళ్లలోనే లూమియేర్లు తండ్రి ఆంత్వాన్‌నీ ఆయన మిత్రుల్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి పేకాటను కూడా చిత్రం తీశారు. పని ముగిసి గేటు తెరుచుకోవడం, ముక్కలు పంచడం సినిమా తన మొదటి అడుగుల్లోనే పట్టుకున్న దృశ్యాలు.

రెండో రకం ఘటనల్లో రైలు కనబడుతుంది. 1879 డిసెంబరు 28, ఆదివారం సాయంత్రం. స్కాట్లాండ్‌లో డండీ దగ్గర తుఫాను గాలికి టే నది వంతెన మధ్య భాగం కూలి, దాని మీద పోతున్న రైలు నదిలో పడింది. దాదాపు 75 మంది చనిపోయారని చాలాకాలం లెక్క చెప్పారు. వంతెన తెరిచి రెండేళ్లు కూడా కాలేదు. గాలి ఒత్తిడిని లెక్కలోకి తీసుకోకపోవడం, పోత ఇనుము పనిలో లోపాలు, నిర్వహణలో అశ్రద్ధ విచారణలో బయటపడ్డాయి. 2013 డిసెంబరు 28 తెల్లవారుజామున అప్పటి అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీలో మంటలు లేచి 26 మంది బలయ్యారు. ఈ రెండింటికీ తేదీతో కారణ సంబంధం కట్టడం అన్యాయం. తుఫానుకూ మంటకూ సెలవులు తెలియవు. అయినా ఒక్క మాట చెప్పవచ్చు. ఊరంతా ఇంట్లో ఉన్న ఆదివారం రాత్రి, సెలవుల వారపు తెల్లవారుజామున రైలు మాత్రం నడుస్తూనే ఉంది. ఇతరుల సెలవే రైలుకు రద్దీ కాలం. బి.ఎన్.ఆర్. అని జనం పిలుచుకున్న బెంగాల్ నాగపూర్ రైల్వే పూజా సెలవులకు రాయితీ టిక్కెట్లు అమ్మి, పోస్టర్లు వేసి, కలకత్తా బాబుల్ని పూరీ సముద్రతీరానికి పిలిచింది. అక్కడ వాళ్ల కోసం హోటలే నడిపింది. బాబులు పూరీ వరండాలో బ్రిడ్జి ఆడుకోవాలంటే ఖరగ్‌పూర్‌లో ఎవరో కేబిన్‌లో కూర్చుని లీవర్లు లాగాలి.

ఆ ‘ఎవరో’లో తెలుగువాళ్లు ఎలా చేరారన్నది ఖరగ్‌పూర్ పుట్టుకతో ముడిపడ్డ సంగతి. 1887లో ఏర్పడిన బి.ఎన్.ఆర్. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఎర్రమట్టి మెట్టల మీద, సాల అడవుల అంచున ఈ జంక్షన్‌ని నిర్మించింది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన తెరుచుకోవడంతో హౌరాకు నేరుగా దారి పడింది. ఇటు కటకం మీదుగా తూర్పుతీరపు మార్గం కలిసి మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర జిల్లాలు దగ్గరయ్యాయి. పెద్ద వర్క్‌షాపు వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, గ్యాంగ్‌మన్లు, కళాసీలు కుటుంబాలతో తరలివచ్చారు. నిమ్‌పురా, మథురాకాఠి, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో తెలుగు వినబడడం అప్పుడు మొదలైంది. 1944 అక్టోబరు 1న కంపెనీ చేతిలోంచి ప్రభుత్వం చేతికొచ్చిన రైల్వే, 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే అయింది. 2003లో తూర్పుతీర రైల్వే విడిపోయేదాకా వాల్తేరు డివిజనూ ఖరగ్‌పూర్ డివిజనూ ఒకే జోను కింద ఉన్నాయి కాబట్టి బదిలీలూ పెళ్లి సంబంధాలూ రెండు వైపులా నడిచాయి. ఊళ్లో మాతాపూజ ఊరేగింపు తెలుగువాళ్ల పండగగా నిలిచింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషల్లో చేర్చడానికి ఒప్పుకోవడానికి ప్రధాన కారణం కూడా ఈ ఊరి జనాభాయే. స్టేషన్ ప్లాట్‌ఫారం 1072 మీటర్ల పైచిలుకు పొడవుతో చాలాకాలం ప్రపంచంలోకెల్లా పెద్దది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. ఊరివాళ్లకు ఈ విషయంలో ఇప్పటికీ కాస్త కినుక ఉండడం సహజమే.

ఇలాంటి ఊళ్లో తీరిక కాగితం మీద రాసి ఉంటుంది. ఆ కాగితం పేరు రోస్టరు. 1930 నాటి రైల్వే చట్ట సవరణ మొదటిసారిగా పనిగంటలకు హద్దు పెట్టింది. నిరంతర పని చేసేవాళ్లకు వారానికి 60 గంటలు, ఆగి ఆగి పని ఉండేవాళ్లకు 84 గంటలు. 84 గంటలంటే వారంలో ఏడు రోజులూ రోజుకు పన్నెండు గంటలు, అదీ హద్దు పెట్టిన తర్వాత! 1947లో న్యాయమూర్తి రాజాధ్యక్ష ఇచ్చిన తీర్పు శ్రమ తీవ్రతను బట్టి వాటిని 45, 54, 75 గంటలకు దించింది. రన్నింగ్ స్టాఫ్‌కు, అంటే లోకో పైలట్లకూ గార్డులకూ, వారం అనేదే వేరు. ఎనిమిది గంటలో అంతకు మించో పని చేసి హెడ్‌క్వార్టరుకు తిరిగొచ్చిన మనిషికి 16 గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఆ పదహారు గంటలు మంగళవారం మధ్యాహ్నం మొదలు కావచ్చు, శుక్రవారం అర్ధరాత్రి మొదలు కావచ్చు. విశ్రాంతి ముగిశాక కాల్ వస్తే బ్యాగు తీసుకుని సైన్ ఆన్ కావాల్సిందే. పరాయి స్టేషన్లో దిగిన సిబ్బంది రన్నింగ్ రూములో పడుకుంటారు, వండించుకుంటారు, నిద్ర పట్టకపోతే ముక్కలు తీస్తారు. గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం లాంటి రోజుల్లో డ్యూటీ చేసినవాళ్లకు ప్రత్యేక భత్యం ఉంటుంది. దేశం సెలవును రైల్వే డబ్బుగా మార్చి ఇస్తుందన్నమాట. డిసెంబరు 28కి ఆ పాటి గుర్తింపు కూడా లేదు.

ఖరగ్‌పూర్‌లో అందరూ రన్నింగ్ స్టాఫ్ కాదు కదా, వర్క్‌షాపు వాళ్లకు సైరన్ ప్రకారం పని, ఆదివారం సెలవు ఉన్నాయి కదా అనవచ్చు. అది సరైన మాటే. అది ఇక్కడి వాదాన్ని పడగొట్టదు, పదును పెడుతుంది. ఒకే వీధిలో ఒక క్వార్టరు ఆదివారాన్ని నమ్ముకుంటుంది, పక్క క్వార్టరు రోస్టరును నమ్ముకుంటుంది. ఇద్దరూ కలిసి ఒక చెయ్యి ఆడాలంటే తేదీ కుదరడం కన్నా గంట కుదరడమే ముఖ్యం. వర్క్‌షాపుకు తనదైన పండగ ఒకటి ఉంది, విశ్వకర్మ పూజ. ఇది తిథిని బట్టి కాక సూర్యుడు కన్యారాశిలో ప్రవేశించడాన్ని బట్టి వస్తుంది కాబట్టి దాదాపు ప్రతి ఏటా సెప్టెంబరు 17నే పడుతుంది. ఆ రోజు యంత్రాలకు పూజ చేసి పని ఆపుతారు, బెంగాల్ ఆకాశం గాలిపటాలతో నిండిపోతుంది. అదే సెప్టెంబరు 17న, 1948లో, హైదరాబాదు సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. తెలంగాణ తెలుగువాడికి ఆ తేదీ చరిత్ర, ఖరగ్‌పూర్ తెలుగువాడికి సుత్తికీ లేతు మిషనుకూ బొట్టు పెట్టే రోజు. ఈ ఊరికి వచ్చినవాళ్లు నిజాం రాజ్యం వాళ్లు కారు, కళింగాంధ్ర వాళ్లు. ఒక తేదీకి ఎవరు ఏ చరిత్రను కలుపుకుంటారన్నది వాళ్ల పని ఎక్కడుందో, పుట్టిన ఊరు ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది.

గంటను బట్టి పేకాట ఎలా నడుస్తుందో చూడాలంటే హౌరా–ఖరగ్‌పూర్ లోకల్‌ని మించిన చోటు లేదు. దాదాపు 115 కిలోమీటర్లు, రెండున్నర మూడు గంటల దారి. డైలీ ప్యాసింజర్లు నలుగురు ఎదురెదురు సీట్లలో మోకాళ్లు ఆనించి కూర్చుని, మీద పేపరో గంఛా తువ్వాలో పరిచి ‘ట్వంటీ నైన్’ మొదలుపెడతారు. బెంగాల్, ఒడిశాల్లో అందరికీ వచ్చిన ఆట ఇది. కట్టలోంచి రెండు నుంచి ఆరు దాకా తీసేస్తే 32 ముక్కలు మిగులుతాయి. ఇందులో రాజు, రాణి దండగ. జాకీకి మూడు, తొమ్మిదికి రెండు, ఆసుకు ఒకటి, పదికి ఒకటి. నాలుగు జాతులకూ కలిపి 28, చివరి పట్టుకు ఒకటి కలిపితే 29. మొదట నాలుగేసి ముక్కలే పంచుతారు. వాటితోనే పాట పాడాలి. పాట గెలిచినవాడు రంగు, అంటే తురుపు, ఏదో మనసులో నిర్ణయించి ఒక ముక్క బోర్లా పెడతాడు. తర్వాత మిగతా నాలుగేసి పంచుతారు. ఎవరి దగ్గరైనా వేసిన జాతి లేకపోయి రంగు అడిగితే తప్ప ఆ ముక్క తిరగదు. తీసేసిన ముక్కల్లోని ఆర్లే లెక్కకు పనికొస్తాయి. ఎర్ర ఆరు మీద గెలుపు, నల్ల ఆరు మీద ఓటమి, పైన కప్పిన ముక్కను జరిపి ఒక్కో గుర్తే బయటపెడతారు. కాగితం, కలం అక్కరలేదు. ఒక చెయ్యి అయిదు పది నిమిషాల్లో తేలిపోతుంది. కోలాఘాట్ వంతెన మీద పంచిన ముక్కలు పాంశ్‌కుడా రాకముందే అయిపోతాయి, బాలిచక్‌లో ఒకరు దిగిపోతే నిలబడ్డవాళ్లలో ఒకరు కూర్చుంటారు. మనుషులు మారినా ఆట ఆగకుండా సాగే ఇలాంటి ఆట, తీరిక తునకలుగా దొరికే చోట నిలబడడం సహజం. తెలుగువాళ్ల ఇష్టమైన పదమూడు ముక్కల రమ్మీకి ఇంతకన్నా కాస్త నిదానం కావాలి. డీలు మీద డీలు లెక్క రాసుకోవాలి, అయిదారుగురు కదలకుండా కూర్చోవాలి. అందుకే రమ్మీ క్వార్టరు వరండాకూ, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కూ చెందిన ఆట, ట్వంటీ నైన్ దారిలో ఆడే ఆట.

పాత పేకముక్కలు కూడా ఈ పక్షానే సాక్ష్యం చెబుతాయి. ఖరగ్‌పూర్ నుంచి ఆద్రా వైపు పోయే మార్గంలో మిద్నాపూర్, గఢ్‌బేతా దాటాక బిష్ణుపూర్ వస్తుంది. మల్ల రాజుల కాలపు ఇటుక గుళ్లకు పేరుపొందిన ఆ ఊళ్లో ఫౌజ్‌దార్ కుటుంబాలు దశావతార్ తాశ్ అనే గుండ్రటి పేకముక్కలు ఇప్పటికీ చేస్తాయి. గుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో అంటించి, సుద్ద పూసి, నున్నగా రుద్ది, గుండ్రంగా కోసి బొమ్మలు వేస్తారు. పది అవతారాలకు పది జాతులు, జాతికి పన్నెండు, మొత్తం 120 ముక్కలు. ఇది గంజీఫా కుటుంబపు ఆట. బాబరు 1527లో సింధుకు గంజీఫా పంపినట్టు తన స్మృతుల్లో రాసుకున్నాడు. అక్బరు నాటి పన్నెండు జాతుల, 144 ముక్కల కట్టను అబుల్ ఫజల్ వర్ణించాడు. మన నిర్మల్‌లోనూ ఈ ముక్కలు చేసేవారు. దశావతారపు ఆటలో ఒక నియమం ఇక్కడ చెప్పుకోదగ్గది. పగటిపూట ఆడితే రాముడి రాజు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ముందు వెయ్యాలి, రాత్రి ఆడితే ఆ హక్కు మరో అవతారానికి పోతుంది. ఏ నెల, ఏ తేదీ అని ఆట అడగదు, పొద్దుందా, పోయిందా అని అడుగుతుంది. రోస్టరు చూసుకుని ముక్కలు పంచే రైల్వే మనిషికి ఇది అర్థమైనంతగా, క్యాలెండరు చూసుకుని పేకాట దినం జరుపుకునేవాడికి అర్థం కాకపోవచ్చు.

మనకూ ఆటకంటూ పండగలున్నాయి కదా, అవి తేదీలే కదా అన్నది మరో ప్రశ్న. ఉన్నాయి. కార్తీక శుద్ధ పాడ్యమికి ద్యూత ప్రతిపద అని పేరు. శివపార్వతులు పాచికలాడిన రోజని, ఆ రోజు జూదమాడితే దోషం లేదని ధర్మశాస్త్ర గ్రంథాలే సందు ఇచ్చాయి. ఉత్తరాదిన దీపావళి రాత్రి పేకాటకు మూలం అదే. బెంగాల్‌లో ఆశ్వయుజ పున్నమి కోజాగరి. లక్ష్మి వచ్చి ఎవరు మేలుకున్నారని అడుగుతుందని నమ్మకం, మేలుకోవడానికి అక్షక్రీడ. తెలుగువాళ్లకు శివరాత్రి జాగరణ, వైకుంఠపాళీ మొదలు పేకముక్కల దాకా నిద్ర ఆపేదేదైనా చెల్లుతుంది. వీటిని పేకాట దినంతో పోలిస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వీటిలో ఎక్కువ రాత్రులే. పగటి పనిని ముట్టుకోకుండా, నిద్రలోంచి కోసి ఇచ్చిన తీరిక. పగలు సెలవు దొరకని రైతుకూ కూలికీ కూడా రాత్రి ఉంటుంది. అందుకే ఈ ఆచారాలు బారిస్టరు సెలవుల మీద ఆధారపడకుండా బతికాయి. చాంద్రమానం కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా జరుగుతుంది, అయినా ‘ఈ రోజునే’ అనే లెక్క వాటికీ ఉంది. మహావీరుడి నిర్యాణం దీపావళి అమావాస్యనాడని జైనులు చెప్పుకుంటారు. దయానంద సరస్వతి 1883 అక్టోబరు 30న మరణించింది ఆ ఏటి దీపావళి రోజున. అయితే రాత్రి డ్యూటీ ఉన్న కేబిన్‌మన్‌కు ఆ రాత్రి తీరికా లేదు. కాళీపూజ రాత్రి ఖరగ్‌పూర్ యార్డులో గూడ్సు బళ్లు మామూలుగానే జతపడతాయి.

చివరికి మిగిలేది పేకాటకు ఒక దినమా అనే నైతికమైన అభ్యంతరం. తెలుగునాట పేకాట అనగానే పోలీసు దాడి గుర్తొస్తుంది, సంక్రాంతి శిబిరాలు గుర్తొస్తాయి, పుస్తె తాకట్టు పెట్టిన ఇళ్లు గుర్తొస్తాయి. ఆ కోపం ఉత్తది కాదు. కాని చట్టం ఈ చిక్కును ఆటలవారీగా విప్పే ప్రయత్నం చేసింది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడి చేస్తే, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ కేసులో 1967 నవంబరు 22న వచ్చిన తీర్పు ప్రకారం రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తేల్చుకోవాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట, మూడు ముక్కలాట లాంటి ఉత్త అదృష్టం కాదు. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం దానికి పదేళ్ల ముందే బ్రిడ్జి, పోకరు, రమ్మీ, న్యాప్ లాంటి ఆటల్ని జూదం నిర్వచనంలోంచి తప్పించింది. అంటే ఖరగ్‌పూర్‌లో చట్టం జూదమనని ఆట కోసం సికింద్రాబాదులో కోర్టుకెక్కాల్సి వచ్చింది. కలకత్తా బ్రిడ్జి ఆటగాళ్లు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చాక, అప్పటికి వాళ్ల వయసులు అరవై, యాభై ఆరు, పేకాట నేర్పు గురించి ఆ రాష్ట్రంలో ఎవరికీ వేరే రుజువు అక్కరలేకపోయింది.

అయినా నేర్పు ఒక్కటే హాని ఆపదని ఫోన్లు నిరూపించాయి. చేతి ముక్కల ఆటకు నలుగురు మనుషులు కావాలి, నలుగురికీ ఒకే గంట ఖాళీ కావాలి. రోస్టరు తెలియకుండానే ఆటకు పెట్టిన హద్దు అది. ఆన్‌లైన్ రమ్మీ ఆ హద్దు తీసేసింది. ఎదురు కూర్చునేవాడు ఎప్పుడూ సిద్ధం, కాల్ రాదు, స్టేషను రాదు, వేకువ మూడింటికి కూడా ముక్కలు పడుతూనే ఉంటాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బుకాడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నేర్పా అదృష్టమా అన్న పాత తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా ఒకే గాటన కట్టి నిషేధించింది. పందెం లేని ఆటలను వదిలేసింది. లోకల్ బండిలో గంఛా మీద పడే ముక్కలు ఆ చట్టం కిందికి రావు.